“ఆయన్ని ఏమని పిలుస్తావ్?”

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతున్నారు. ఆర్నెల్లుగా ప్రతి ఆదివారం హాస్టల్ గదిలో అయిదుగురు కూర్చుని డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతున్నారు. ఒకరు డీఎం (డంజన్ మాస్టర్) అయి కథ నడుపుతూ, దారిలో ఎదురుపడే మనుషులందరి తరఫునా మాట్లాడతారు. మిగతావాళ్ళు తలో పాత్ర ఆడతారు, అనుకున్నది జరిగిందో లేదో డైస్ తేలుస్తుంది. యుద్ధం వచ్చిందంటే అందరూ టేబుల్ మీదకి వంగిపోతారు. ఊళ్ళోకి వెళ్ళి నలుగురితో మాట్లాడాల్సి వస్తే మాత్రం ఒక్కొక్కరే ఫోన్ బయటికి తీస్తారు. ఎవర్నైనా ఒప్పించాలంటే “పర్సుయేషన్ రోల్ చేస్తా” అనడం, ఇరవై ముఖాల డైస్ వేయడం, “పద్దెనిమిది. ఒప్పుకున్నాడా?” అనడం, అంతే. ఒకడు సినిమా డైలాగులు దంచి మిగతావాళ్ళని నోరెత్తనివ్వడు. ఇంకొకడు ఇన్నాళ్ళలో తన పాత్రగా ఒక్క ముక్క మాట్లాడలేదు. బాగా నటించినవాళ్ళకి ఎక్స్‌పీ, అంటే పాత్ర లెవెల్ పెంచే పాయింట్లు, ఇవ్వాలా, డీఎంగా నేను గొంతులు మార్చడం నేర్చుకోవాలా అని అడిగారు.

నేను అమలాపురంలో తొమ్మిదేళ్ళ నుంచి టేబుల్ నడుపుతున్నాను. మా మేడ మీద గది, కిటికీ కింద కాలువ, నెత్తిన చప్పుడు చేసే ఫ్యాను. ఆడేవాళ్ళు రొయ్యల చెరువులు చూసుకునే కుర్రాడు, బ్యాంకులో చేసే అక్క, మెడికల్ షాపు తమ్ముడు, ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పే మాస్టారు. ఒక్కరూ స్టేజీ ఎక్కినవాళ్ళు కాదు. మొదటి ఏడాదంతా మాదీ మీ కథే.

ముందు ఎక్స్‌పీ సంగతి తేల్చేద్దాం. ఇవ్వకండి. నేను ఇచ్చి దెబ్బతిన్నాను. సెషన్ చివర “ఇవాళ బాగా చేసినవాళ్ళకి వంద” అని మొదలుపెట్టాను. రెండు నెలలు తిరక్కుండా మాస్టారి పాత్ర అందరికంటే ఒక లెవెల్ పైకెళ్ళి కూర్చుంది. ఆయన రోజూ అరవైమంది పిల్లల ముందు మాట్లాడే మనిషి, నోరు ఆయన సొత్తు. అప్పట్లో మాతో ఒక అమ్మాయి ఆడేది, బాగా నెమ్మది. ఒకరోజు వెళ్తూ వెళ్తూ “మార్కులు ఆఫీసులో వేయించుకుంటున్నానండీ, ఇక్కడ కూడానా” అని నవ్వింది. మళ్ళీ రాలేదు. తప్పు పూర్తిగా నాదే. మార్కులు వేస్తున్నారని తెలిస్తే మనం బడిలో చేసిన పనే చేస్తాం. వచ్చినవాడు చెయ్యెత్తుతాడు, రానివాడు ముందువాడి వీపు వెనక దాక్కుంటాడు.

గొంతుల సంగతీ అంతే. నా పాత్రలన్నిటికీ ఒకటే గొంతు, అది నాదే. దానికి బదులు ఒక్కో పాత్ర చేతికి ఒక్కో పని ఇస్తాను. పడవ సరంగు మాట్లాడేటప్పుడు నేను తువ్వాలు భుజం మార్చుకుంటాను. కరణం అయితే పెన్ను మూత తీసి పెడుతూ ఉంటాను. నేను పెన్ను అందుకున్నానంటే “అమ్మో, కరణంగారొచ్చారు” అని మావాళ్ళకి తెలిసిపోతుంది. డీఎం నటుడైపోతే మిగతా నలుగురూ ప్రేక్షకులైపోయే ప్రమాదం కూడా ఉంది. ఇది నేను చాలా టేబుళ్ళ దగ్గర చూశాను.

ఇక అసలు విషయం. మీవాళ్ళు కొట్టుడు మీదే ఉన్నారంటే అది వాళ్ళ లోపం కాదు, ఆట పుట్టుకే అది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దీన్ని అచ్చు వేసినప్పుడు అది బొమ్మ సైనికులతో ఆడే యుద్ధాల ఆట కడుపున పుట్టింది. ఇవాళ్టికీ రూల్ బుక్కులో ఎక్కువ పేజీలు దెబ్బలు, మంత్రాల గురించే. పుస్తకం దేని గురించి ఎక్కువ చెబితే ఆడేవాళ్ళు అదే ఎక్కువ చేస్తారు.

దానికి తోడు ఆ పుస్తకం ఇంగ్లీషులో ఉంది. మీరు ఏ భాషలో ఆడుతున్నారో మీ ప్రశ్నలో రాయలేదు గానీ, నేను ఊహించగలను. మా టేబుల్ మొదటి ఏడాది అంతే. లెక్కలు ఇంగ్లీషులో ఉన్నాయి కదాని మాటలూ ఇంగ్లీషులోనే. ఇంగ్లీషు మనకి ఇంటర్వ్యూ భాష. ఆ భాషలో మనం అలగం, బతిమాలం, బేరమాడం, దెప్పం. చేపల బజారులో పండుగొప్ప ధర మీద పావుగంట వాదించే మా అక్క, గేములో కత్తి కొనడానికి వెళ్తే అడిగినంతా ఇచ్చేసి వచ్చేది. ఆమెకి నటన రాక కాదు, ఆ భాషలో ఆమెకి బజారు లేదు. డైస్, హిట్ పాయింట్స్, స్పెల్ స్లాట్స్ లాంటి లెక్కల మాటలు ఇంగ్లీషులోనే ఉంచండి, ఇబ్బంది లేదు. పాత్ర నోరు తెరిస్తే మాత్రం తెలుగే అని ఒక్క నియమం పెట్టండి. అదీ మీ ఇంట్లో మాట్లాడే తెలుగు. గ్రాంథికం మొదలుపెట్టి “ఓయీ వర్తకా” అన్నారో, మళ్ళీ నాటకం పోటీ అయిపోతుంది.

తెలుగులోకి రాగానే మనకి ఉచితంగా దొరికే పనిముట్టు ఒకటుంది, ఇంగ్లీషు పుస్తకాలు రాసినవాళ్ళకి అది లేదు. వాళ్ళకి రాజుకైనా గుర్రాలవాడికైనా ‘యూ’ ఒక్కటే. మనం నోరు తెరవాలంటే ఎదుటివాడు మనకేమవుతాడో ముందు తేల్చుకోవాలి. నువ్వా, మీరా, తమరా. ఏరా అనాలా, ఏమయ్యా అనాలా, ఏమండీ అనాలా, బాబాయ్ అనాలా. మీరు మీ ప్రశ్నలో నన్ను ‘గురువుగారూ’ అన్నారు. నేనెవరో మీకు తెలీదు, నా వయసు తెలీదు. అయినా ఆ ఒక్క పిలుపుతో నన్ను ఓ కుర్చీలో కూర్చోబెట్టి, మీరు కింద చాప మీద కూర్చున్నారు. అదే పాత్రలోకి దిగడం. మీ ప్లేయర్లు రోజుకి వందసార్లు చేస్తున్న పనే అది.

అందుకే నేను “ఏం చెబుతావ్?” అని అడగడం మానేశాను. “ఆయన్ని ఏమని పిలుస్తావ్?” అని అడుగుతాను.

ఇది ఎలా తగిలిందో చెబుతాను. మావాళ్ళు రాత్రిపూట నది దాటాలి. పంటు ఒడ్డున కట్టేసి ఉంది, సరంగు గొడుగు కింద అన్నం తింటున్నాడు. చెరువుల కుర్రాడి పాత్ర డ్వార్ఫ్ ఫైటర్, అంటే మరుగుజ్జు యోధుడు. మామూలుగానే డైస్ చేతిలోకి తీసుకుని “పర్సుయేషన్” అన్నాడు.

“ఆయన్ని ఏమని పిలుస్తావ్?” అన్నాను.

“అంటే?”

“నువ్వు రేవులో నుంచున్నావ్. ఆయన తలెత్తి చూడలేదు. ఏమని పిలుస్తావ్?”

కాసేపు డైస్ అటూ ఇటూ దొర్లించాడు. “బాబాయ్ అంటానండి.”

“అయితే అను.”

“బాబాయ్... కాస్త అవతలకి దింపేస్తావా?”

నేను తువ్వాలు భుజం మార్చుకున్నాను. “ఇప్పుడు కట్టేశాం కదా నాయనా. ఏ ఊరు మీది? ఎవరబ్బాయివి?”

ఇది మన గోదావరి జిల్లాల్లో ఏ రేవులో నుంచున్నా, ఏ బస్సెక్కినా తప్పని ప్రశ్న. సఖినేటిపల్లి రేవులో నర్సాపురం పంటు కోసం పది నిమిషాలు నుంచోండి, ఎవరో ఒకరు అడుగుతారు. మావాడి క్యారెక్టర్ షీట్ (పాత్ర వివరాల కాగితం) మీద బ్యాక్‌స్టోరీ, అంటే పాత్ర గతం రాసే గడి రెండేళ్ళుగా ఖాళీ. రాయమంటే “తర్వాత రాస్తానండి” అనేవాడు. రేవులో సరంగు అడిగేసరికి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “కొండ కిందండి మాది. మా నాన్న కొలిమి పెట్టేవాడు. ఇప్పుడు లేడులెండి” అన్నాడు. ఆ ‘లెండి’ దగ్గర గదిలో ఫ్యాను చప్పుడు వినిపించింది. అక్క ఫోన్ బోర్లా పెట్టేసింది. ఆ తర్వాత మూడు నెలల కథ ఆ కొలిమి చుట్టూనే నడిచింది. నేను ముందే రాసుకున్న నలభై పేజీలు పక్కకి పోయాయి, నష్టం లేదు.

గమనించారా, బాబాయ్ అని పిలిచి ‘దింపేస్తావా’ అన్నవాడే, తండ్రి సంగతి వచ్చేసరికి ‘అండి’లోకి మారిపోయాడు. ఎవరూ చెప్పలేదు. ఇలాంటివి దొరికినప్పుడు మీరు పట్టుకోవాలి. నేను సరంగు చేత “అండి ఎందుకులేరా, ఎక్కు” అనిపించాను. డైస్ వేయనివ్వలేదు.

ఒక హెచ్చరిక. “ఎవరబ్బాయివి?” వెనకాల మన దగ్గర ఇంకో ప్రశ్న దాక్కుని ఉంటుందని మీకూ తెలుసు, నాకూ తెలుసు. అడిగేవాడు ఊరి పేరు కోసం అడగడు ఒక్కోసారి. టేబుల్ చుట్టూ కూర్చున్నవాళ్ళలో ఆ ప్రశ్నకి బయట ఇబ్బందిపడ్డవాళ్ళు ఉండొచ్చు. అందుకే కొత్త క్యాంపెయిన్ (నెలల తరబడి సాగే ఒక పెద్ద కథ) ముందు ఒక సెషన్ ఆడకుండా కూర్చుని మాట్లాడుకుంటాం, సెషన్ జీరో అంటారు కదా, అది. కులం ప్రస్తావన ఎంతవరకు, ఆడపాత్రల మీద వెకిలి మాటలు ఉండవు, యాసని వెక్కిరించడం ఉండదు, ఇవన్నీ అక్కడే తేల్చుకుంటాం. జాన్ స్టావ్రోపౌలోస్ తయారుచేసిన ఎక్స్ కార్డు కూడా టేబుల్ మధ్యలో పెడతాం. ఎవరైనా దాన్ని ముట్టుకుంటే ఆ సీను అక్కడితో వదిలేయాలి, కారణం అడగకూడదు. తొమ్మిదేళ్ళలో రెండుసార్లే ముట్టుకున్నారు. కానీ అది ఉందని తెలిస్తేనే మిగతా సమయం జనం ధైర్యంగా నోరు తెరుస్తారు.

పిలుపు తలుపు తీస్తుంది సరే, లోపల ఏదో ఉండాలి కదా. చాలామంది డీఎంలు మాట్లాడే సీను అంటే సమాచారం రాబట్టే సీను అనుకుంటారు. దొంగ ఎటు వెళ్ళాడు, తాళం ఎవరి దగ్గరుంది. దానికి డైస్ చాలు, మనిషి అక్కర్లేదు. రెండు వైపులా న్యాయం ఉన్న చిక్కు పెట్టండి, అప్పుడు చూడండి.

నేను పెట్టినవాటిలో బాగా పండింది వరద. గేములో నది మధ్య ఒక లంక ఊరు. పైన రాతి ఆనకట్ట దగ్గర నీటిమట్టం పెరుగుతోంది. తెల్లకాగితం మీద పెద్దగా 11.75, 13.75, 17.75 అని రాసి టేబుల్ మీద పెట్టాను. ధవళేశ్వరం దగ్గర మొదటి, రెండో, మూడో ప్రమాద హెచ్చరికల అడుగులు ఇవి. ఇంకే జిల్లాలో ఆడినా వివరించాలి. మా మేడ మీద ఎవరూ అడగలేదు. మాస్టారింట్లో 1986 వరద నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో గోడమీద గీత ఇంకా ఉంది. ప్రతి అరగంటకీ ఒక అంకె కొట్టేస్తానని మాత్రం చెప్పాను. ఒడ్డున పద్నాలుగుమంది, రెండు గేదెలు. పడవ ఒకటే, ఎనిమిదిమందికి మించి పట్టదు. ఇల్లు వదిలి రానని గుమ్మంలో కూర్చున్న ముసలమ్మ ఒకావిడ. రాక్షసుడు లేడు, కొట్టడానికి ఎవరూ లేరు.

చెరువుల కుర్రాడు “గేదెల్ని వదిలేయండి, మనుషుల్ని ఎక్కించండి” అన్నాడు. అక్క పాత్ర క్లెరిక్, దేవుడి శక్తితో మంత్రాలు వేసే పూజారి. “గేదె పోతే ఆ మనిషి రేపేం తింటాడు? నువ్వు పెడతావా?” అంది. నిజంగా కోపం వచ్చింది ఆమెకి. నలభై నిమిషాలు వాదించుకున్నారు. ఒక్క డైస్ కదలలేదు. 13.75 కొట్టేశాను, ఎవరూ చూడలేదు. మెడికల్ షాపు తమ్ముడు, అచ్చం మీ మాట్లాడని అబ్బాయిలాంటివాడు, నా వైపు వంగి చిన్నగా “మావాడు ఆ ముసలావిడ దగ్గరికి వెళ్ళాడండి” అన్నాడు.

“ఏమని పిలుస్తాడు?”

“మామ్మా అంటాడు.” ఆగాడు. “ఏమీ చెప్పడండి, పక్కన కూర్చుంటాడు.”

నేనూ ఏమీ అనలేదు. కాసేపటికి “ఆ పెట్టెలో ఏముంది మామ్మా?” అన్నాడు. ‘అడుగుతాడండి’ అనలేదు, అడిగేశాడు.

“వచ్చే పంటకి దాచిన విత్తనం నాయనా.”

“పెట్టె నేను మోస్తా. నువ్వు నా చెయ్యి పట్టుకో.”

మిగతావాళ్ళ వాదన ఎప్పుడు ఆగిందో నాకు తెలీదు. ఆ విత్తనాల పెట్టె బరువు కూడా లెక్కేసి పడవలో ఒక మనిషిని తగ్గించాల్సి వచ్చింది. దిగిపోయింది డ్వార్ఫ్. ఆ రాత్రి సెషన్ ఒంటిగంటకి ముగిసింది, కింద మా అమ్మ తిట్టింది.

చూశారుగా, ఆ తమ్ముడు మొదట ‘మావాడు వెళ్ళాడు’ అని మొదలుపెట్టాడు. ఇది తప్పు అని సరిదిద్దే డీఎంలు ఉంటారు, “నేను అని మాట్లాడు” అంటూ. దయచేసి ఆ పని చేయకండి. మన హరిదాసు ఏం చేస్తాడు? కథ చెబుతూ చెబుతూ హనుమంతుడైపోతాడు, రెండు నిమిషాల్లో మళ్ళీ కథకుడైపోతాడు, మధ్యలో ముందు వరసలో నిద్రపోయేవాడి మీద ఒక పిట్టకథ వేస్తాడు. లోపలికీ బయటికీ తిరగడమే ఆ విద్య. బుర్రకథలో చూడండి, కథకుడు ఒక్కడే. పక్కన ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. వాళ్ళు లేకపోతే కథకుడు ఊపిరి తీసుకోలేడు. మీ టేబుల్ మీద జోకులేసేవాడు హాస్యం. “ఇంతకీ మనకి డబ్బులిస్తామన్నది ఎవడ్రా?” అని గుర్తుచేసేవాడు రాజకీయం. అందరూ కథకులు అవ్వక్కర్లేదు.

డైస్ విషయంలో ఒక మార్పు చేయండి. చాలా టేబుళ్ళలో ముందు మాట్లాడించి తర్వాత రోల్ వేయిస్తారు. సిగ్గరి ప్లేయర్ చెమటలు పట్టి మూడు వాక్యాలు చెబుతాడు, డైస్ మీద రెండు పడుతుంది, “వాడు నవ్వాడు” అంటారు మీరు. వాడు ఇంకెప్పుడూ నోరు తెరవడు. నేను తిరగేశాను. ఏం ఇస్తానంటున్నాడు, దేనికి భయపెడుతున్నాడు, అది మాత్రం ముందు అడుగుతాను. దాన్నిబట్టి డైస్ మీద కనీసం ఎంత రావాలో పెడతాను. రోల్ వేయిస్తాను. ఆ తర్వాత మాట్లాడమంటాను. రెండు పడిందని తెలిశాక మాట్లాడేవాడికి టెన్షన్ ఉండదు, కావాలనే తడబడతాడు, అబద్ధం అతకదు, అందరూ నవ్వుతారు. ఆ నవ్వు వాడి పాత్ర మీద, వాడి మీద కాదు. వాగ్ధాటికి అదనపు పాయింట్లు ఇవ్వను. గేములో బండరాయి ఎత్తేవాణ్ణి గ్యాస్ సిలిండర్ ఎత్తి చూపించమని అడగం కదా, మాటకారి పాత్ర ఆడేవాణ్ణి మాటకారి అయి ఉండమని ఎందుకు అడగాలి?

బహుమానం అసలు వద్దా అంటే, ఉంది. 2014 రూల్ బుక్కులో ఇన్‌స్పిరేషన్ అని ఒక చిన్న నియమం ఉంది, సగం టేబుళ్ళు దాన్ని మర్చిపోతాయి. పాత్రకి తగ్గట్టు ఆడినవాళ్ళకి డీఎం ఇస్తాడు. వాళ్ళు దాన్ని వాడి ఒక రోల్‌కి అడ్వాంటేజ్ తీసుకోవచ్చు, అంటే ఆ ఇరవై ముఖాల డైస్ రెండు వేసి పెద్దది ఉంచుకోవడం. ఒకసారి ఒక్కటే దగ్గర ఉండాలి, దాచుకోవడానికి లేదు. మొత్తం 15 రావాల్సిన చోట, డైస్ మీద పడ్డదానికి 3 కలుపుకునేవాడికి మామూలుగా 45 శాతం అవకాశం, ఇన్‌స్పిరేషన్ వాడితే దాదాపు 70 శాతం. చిన్న విషయమేం కాదు. 2024 పుస్తకంలో దీన్ని ఒక డైస్‌ని మళ్ళీ వేసుకునేలా మార్చారు. నేను పాతదే వాడతాను, రెండు మార్పులతో. ఒకటి, నేను ఇవ్వను. టేబుల్ మధ్యలో గవ్వల గిన్నె ఉంటుంది, ప్లేయర్లే ఒకరికొకరు ఇచ్చుకుంటారు. రెండోది, మాట బాగున్నందుకు ఇవ్వకూడదు, పాత్ర తన లోపం వల్ల నష్టపోతే ఇవ్వాలి. క్యారెక్టర్ షీట్‌లో లోపం అనే గడి ఉంటుంది చూడండి. మా మాస్టారి పాత్ర లోపం గొప్పలు చెప్పుకోవడం. జమీందారు ముందు గొప్పలు పోయి అందరినీ కొట్లో పెట్టించాడు, గవ్వ వచ్చింది. ఈ పద్ధతి ఫేట్ అనే ఇంకో గేములో నేర్చుకున్నాను. అందులో మీ బలహీనత మీ మెడకి చుట్టుకోవడానికి ఒప్పుకుంటే పాయింటు ఇస్తారు.

నోరు లేనివాడికి కూడా ఇక్కడ అవకాశం సమానం. ముసలమ్మ పక్కన నోరు మూసుకుని కూర్చున్నందుకు ఆ తమ్ముడికి మూడు గవ్వలు తోశారు. ఒక్కటే ఉంచుకోవాలని నేను నియమం గుర్తుచేస్తే నన్ను అందరూ అదోలా చూశారు.

మీ సినిమా డైలాగుల అబ్బాయిని నలుగురిలో ఆపకండి, చిన్నబుచ్చుకుంటాడు. అతనికి పని ఇవ్వండి. ప్రతి సీనులో ఒక్కసారైనా ఇంకో పాత్రని ఏదైనా అడగాలి, జవాబు వచ్చేదాకా ఆగాలి, అంతే. మాటకారులకి ఎదుటివాడి చేత మాట్లాడించడం కూడా ఒక సరదా అని తెలిస్తే మీకు సగం డీఎం దొరికినట్టే. మా మాస్టారు అలాగే దారికొచ్చారు.

ఇవన్నీ చేసినా వాళ్ళకి కొట్టుకోవడమే ఇష్టమైతే కొట్టుకోనివ్వండి. నాలుగు గంటల సెషన్‌లో ఇరవై నిమిషాలు పాత్రలుగా మాట్లాడితే నా లెక్కలో అది మంచి సెషనే.

వచ్చే ఆదివారం కత్తులమ్మేవాడి కొట్టుకి వెళ్ళబోతున్నారని రాశారు. ఆ కొట్టువాడి చేత ధర చెప్పించకండి. మాట్లాడని అబ్బాయి వైపు చూసి, “ఏ ఊరు బాబూ మీది?” అనిపించండి. అని, టీ గ్లాసు అందుకోండి. జవాబు కోసం తొందరపడి మీరే ఇంకో మాట అనేయకుండా ఉండటానికి టీ బాగా పనికొస్తుంది. వేడిగా ఉండాలి. పూతరేకులు మాత్రం పెట్టకండి, ఆ పొడి డైస్ గుంటల్లోంచి ఓ పట్టాన రాదు.